ముద్ర లేని ఎర్రజెండా

శకునాలను నేను నమ్మను. పిల్లి ఎదురొస్తే ఆగను, ఎవరైనా తుమ్మితే కూర్చోను, మంగళవారం గడ్డం గీసుకుంటాను. నా జీవితంలో నేను మారుమాట లేకుండా ఒప్పుకున్న సంకేతం ఒక్కటే. పట్టాల పక్కన నిలబడి మనిషి ఎర్రజెండా చూపిస్తే రైలు ఆగాలి. దాని వెనుక దేవుడు లేడు, గ్రహం లేదు. మనుషులు కూర్చుని అనుకున్న మాట ఒకటి ఉంది. ఎరుపంటే ఆగు. ఆ మాట మీద ఇంజను నడిపేవాడికీ, జెండా పట్టేవాడికీ, బండిలో నిద్రపోయేవాడికీ ఒకేలాంటి నమ్మకం. దేవాలయాల్లో దొరకని సమానత్వం నాకు అందులో కనిపించేది.

ఈమధ్య రైల్వేలో చేరిన కుర్రవాళ్ళు కొందరు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. బొగ్గు ఇంజన్ల గురించి, యుద్ధకాలపు మిలిటరీ బండ్ల గురించి చెప్పమంటారు. చెబుతాను, నవ్విస్తాను. ఈ సంగతి మాత్రం చెప్పలేదు. ఇది నోటితో చెబితే మధ్యలో గొంతు లేస్తుంది, తగువు పడుతున్నాననుకుంటారు. అందుకే రాస్తున్నాను.

అది నలభైల చివర. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిందని చెప్పుకుంటున్నారు. మా సంస్థానానికి మాత్రం రాలేదు. నేను వరంగల్లులో పట్టాల ఇన్‌స్పెక్టర్ దగ్గర సహాయకుణ్ణి. పొద్దున ట్రాలీ ఎక్కి, కేసముద్రం వైపు వెళ్ళే దారిలో పట్టాలనూ వంతెనలనూ చూసుకుంటూ పోవడం నా పని. సాయంత్రం ఊళ్ళో చదువుకునే గదికి చేరి, అక్కడున్నవాళ్ళతో దేవుడు లేడని వాదించడం నా వ్యసనం. వితంతువుల పెళ్ళి గురించి, కులం పాటించని భోజనాల గురించి, గ్రహణం రోజు అన్నం తినడం గురించి నేను చేసిన వాదాలు ఆ రోజుల్లో కొంచెం పేరు తెచ్చుకున్నాయి. వాదంలో గెలిస్తే లోకం మారుతుందని అప్పుడు నా నమ్మకం. ఈ వ్యాసం ఆ నమ్మకం గురించి కూడా.

ఆ దారిలో ఒక వాగు మీద వంతెన ఉండేది. పెద్దది కాదు. ఎండాకాలంలో దాని కింద మేకలు నిద్రపోయేవి. వానాకాలంలో మాత్రం ఎర్రమట్టి నీళ్ళతో వాగు ఒళ్ళు విరుచుకునేది. అందుకని వంతెనకు ఒక చౌకీదారుణ్ణి పెట్టారు. వరంగల్లు వైపు ఒడ్డున రేకుల గుడిసె, అందులో అతనూ భార్యా. అతను మగ్గాల ఇంట్లో పుట్టినవాడు. యుద్ధంలో నూలు దొరక్క మగ్గం మూలపడితే రైల్వేలో చేరాడు. పొడుగు మనిషి, మాటకు ముందు నవ్వేవాడు. నన్ను ఎవరూ దొర అనగూడదనీ, బాంచెన్ అనే మాట నా ముందు రాకూడదనీ పట్టాలు బాగుచేసే మా గ్యాంగుకు గట్టిగా చెప్పాను. దొర మానేసి "పంతులూ" అనడం మొదలుపెట్టారు. అది అంతకంటే చెడ్డది. ఎంత చెప్పినా వినలేదు, చివరికి నేనే ఊరుకున్నాను.

ప్రతి వానాకాలానికి ముందు గ్యాంగును కూర్చోబెట్టి ప్రమాదమప్పుడు ఏం చేయాలో చెప్పడం నాకిష్టమైన పని. దారి చెడితే బండి వచ్చే దిక్కుకు పరుగెత్తాలి. దూరంగా పట్టా మీద పటాకాలు కట్టాలి. పటాకా అంటే చిన్న రేకు డబ్బీ. చక్రం ఎక్కగానే ఢామ్మని పేలుతుంది. శబ్దమే తప్ప హాని లేదు. వానలోనో మంచులోనో డ్రైవర్‌కు జెండా కనపడకపోతే చెవికైనా తెలియాలని అది. ఆ తర్వాత ఎర్రజెండా పట్టుకుని నిలబడాలి. బండి ఆగేవరకు కదలగూడదు.

"ఎరుపంటే ఆగు. అంతే. దీనికి ఎల్లమ్మ అక్కర్లేదు, పోచమ్మ అక్కర్లేదు" అన్నాను ఒకసారి.

చౌకీదారు నవ్వాడు. "మీ జెండ గూడ గుడ్డముక్కనే గద పంతులూ. ఎల్లమ్మకు కట్టేది గూడ గుడ్డముక్కనే. నమ్మెటోడు ఉంటేనే రెండు పన్జేస్తయి."

"ఎల్లమ్మను నమ్మకపోతే ఏమీ కాదు. జెండాను నమ్మకపోతే రైలు వాగులో పడుతుంది. అదీ తేడా" అన్నాను.

గ్యాంగు చప్పట్లు కొట్టింది. నేనే గెలిచాను.

ఆ యేడు ఎండలకు అతని జెండా వెలిసిపోయింది. ఎరుపు పోయి ఏదో నీరసమైన రంగు మిగిలింది. దాన్ని పట్టుకుని నేనే వరంగల్లులో సామాన్ల కొట్టు బాబు దగ్గరికి వెళ్ళాను. ఆయన దాన్ని వెలుగుకు పెట్టి చూశాడు.

"మంచిగనే ఉన్నది గదనయ్యా. పెండ్లి పందిట్ల కట్టొచ్చు."

"వంతెన మీద కట్టాలి. కొత్త ఎర్రగుడ్డ ఇప్పించండి."

"మెల్లగను! గోడకవుతల జవాను కూసున్నడు." ఆయన నిజంగానే కిటికీలోంచి తొంగి చూశాడు. "ఎర్రగుడ్డ లేదు. ఉన్నా ఇయ్య. బజార్ల ఎర్రగుడ్డ కొన్నోని పేరు రాస్కపోతున్రట. రేపు కుంకుమ కొన్నోల్లను గూడ పట్కపోతరేమొ."

ఆయన హాస్యం వెనుక ఉన్నది హాస్యం కాదు. పల్లెల్లో సంఘం లేచింది. దొరల గడీలకు ఎదురు నిలబడ్డవాళ్ళ చేతిలో ఉన్నది ఎర్రజెండా. పోలీసులు ఊళ్ళ మీద పడుతున్నారు. కొన్నిచోట్ల పట్టాలు పీకేశారని, తీగలు కోశారని రోజుకొక వార్త. వాళ్ళ కొట్లాటలో న్యాయం ఎవరి వైపో చెప్పడానికి నాకు వెనుకాముందు లేదు. గడీల వైపు కాదు. కానీ నా పని పట్టాలు. రైలు జెండా సంఘం జెండా కంటే ముందు పుట్టింది. ఆ రెండింటికీ తేడా తెలియనివాడు ఉంటాడని నాకు తోచలేదు.

పదిరోజులకో ఎప్పుడో నేను వంతెన దగ్గర ట్రాలీ దిగితే చౌకీదారు కొత్త జెండా తీసి ఊపాడు. కళ్ళు చెదిరే ఎరుపు.

"ఎక్కడిది?"

గుడిసె లోపలి నుంచి భార్య జవాబిచ్చింది. "నేనే అద్దిన పంతులూ. మా తల్లిగారింట్ల రంగుకుండలున్నయి. మా అన్న నేసిన గుడ్డ. పోదు సూడుండ్రి, ఎన్ని వానలు గొట్టినా పోదు."

"నా పెండ్లాం రైలుకు సీర కట్టింది" అన్నాడు చౌకీదారు.

"నీకు కట్టిన. రైలుకెందుకు కడ్త" అంది ఆమె.

నేను శభాష్ అన్నాను. సర్కారు ఇవ్వలేని జెండాను ఒక నేతగాళ్ళ ఆడబిడ్డ ఇచ్చిందని సంతోషపడ్డాను. దానికి నేను ఇప్పటికీ సిగ్గుపడను. సిగ్గుపడవలసినవాళ్ళు వేరే ఉన్నారు.

నేను అక్కడుండగానే పట్టాల వెంట నడుస్తూ పోలీసుల గుంపు ఒకటి వచ్చింది. ముందున్న జమేదారు జెండా చూసి ఆగాడు.

"ఏయ్, గదేంది చేతిల?"

"జెండ సాబ్. బండి ఆపెతందుకు."

"మా బండి గూడ ఆపుతవా?"

"ఎవల బండైనా ఆపుత సాబ్, అక్కరొస్తే."

చౌకీదారు నిజమే చెప్పాడు. జమేదారు వెనుకవాళ్ళు ఘొల్లున నవ్వారు. జమేదారు నవ్వలేదు. నేను ముందుకు వెళ్ళి ఇది రైల్వే జెండా అని, ప్రతి వంతెన మీదా ఉంటుందని చెప్పాను. "మాలూమే. జర హుషార్ ఉండుమనుండ్రి" అని కదిలాడు.

వానలు పట్టాయి. వాగులన్నీ పొంగుతున్నాయని కబురొస్తే ఒక పొద్దున నేను వంతెనలు చూసిరావడానికి బండెక్కాను. వరంగల్లులో ఎక్కి, చివర ఉండే గార్డు పెట్టెలో కూర్చున్నాను. ముందు పెట్టెల్లో తుపాకులతో పోలీసులున్నారు. కేసముద్రం అవతల ఏదో ఊరికి పోతున్నారన్నారు. మిగతా పెట్టెల్లో జనం. సంతకు పోయేవాళ్ళు, మూటలు, కోళ్ళు, ఏడ్చే పిల్లలు. గార్డు పెద్దవాడు, నాకు పాత స్నేహితుడు. ఆయన వక్క కొరుకుతూ, దేవుడు లేకపోతే ఈ వాన ఎవరు కురిపిస్తున్నారో చెప్పమని నన్ను రెచ్చగొడుతున్నాడు. నేను సముద్రం దగ్గర మొదలుపెట్టాను.

ముందెక్కడో ఢామ్మని పేలింది. వెంటనే మళ్ళీ. మళ్ళీ.

"పటాకాలు!" అన్నాడు గార్డు, బ్రేకు మీదికి దూకుతూ.

ఆ శబ్దం విన్న క్షణంలో మేమిద్దరం సంతోషించాం. ఇది మీరు నమ్మాలి. దారి ఎక్కడో చెడింది, కానీ మావాడొకడు మేలుకుని ఉన్నాడు, చెప్పినట్టే చేశాడు. బండి కీచుమంటూ నెమ్మదిస్తోంది. నేను నేర్పిన పాఠం నా చెవికి వినపడుతోంది.

అప్పుడు వేరే చప్పుళ్ళు మొదలయ్యాయి. పొడిగా, దగ్గరదగ్గరగా.

గార్డు నోట్లో వక్క ఆగింది. "ఇవి పటాకలు గావు పంతులూ."

బండి పూర్తిగా ఆగకముందే దూకి కంకర మీద పరుగెత్తాను. కిటికీల్లోంచి తలలు, అరుపులు. బండి వంతెనకు బాగా ఇవతలే నిలిచింది. డ్రైవర్ ఇంజను దిగి రెండు చేతులూ ఊపుతూ పోలీసుల మీదికి పోతున్నాడు.

"సిగ్నల్ జూపిండయ్యా! రైలోడు! నా బండి ఆపినోన్ని కాలుస్తరా! మీకు కండ్లు లేవా!"

చౌకీదారు గట్టు వాలు మీద పడి ఉన్నాడు. జెండా కర్ర ఇంకా చేతిలోనే ఉంది. నేను పక్కన కూలబడ్డాను. కళ్ళు తెరిచే ఉన్నాయి, నన్ను గుర్తుపట్టాడు. ఏదో చెప్పబోతున్నాడు. చెవి దగ్గర పెట్టాను.

"తప్పు జూపిన్నా పంతులూ?"

"లేదు. సరిగ్గానే చూపినవ్. బండి ఆగింది."

"మరెందుకు..." అన్నాడు. అంతే.

ఆ ప్రశ్నకు ఇంతవరకు నాకు జవాబు దొరకలేదు. దొరికిందనుకున్న జవాబులన్నీ అతను అర్థం చేసుకోగలిగినవి కావు.

పోలీసుల ఆఫీసరు పాతికేళ్ళవాడు. పిస్తోలును ఒరలో పెట్టబోయి రెండుసార్లు తప్పాడు. అతను నాకు రాక్షసుడిలా కనిపించలేదు. రాత్రిపూట పొదను చూసి దయ్యమనుకునే పల్లెటూరి మనిషిలా కనిపించాడు. తేడా ఒక్కటే, భయపడ్డ పల్లెటూరివాడి చేతిలో తుపాకులుండవు.

"బాంబులు పేలినయ్. లాల్ ఝండా తీసిండు" అన్నాడు నాతో. తర్వాత జెండాను బూటు కొనతో తిప్పి చూశాడు. "రైల్వే ముద్ర ఏది? చూపించు. ఏది ముద్ర?"

నేను వంతెన వైపు చెయ్యి చూపించాను. అందరూ అటు చూశారు. అవతలి ఒడ్డు దగ్గర గట్టు లేదు. వాగు దాన్ని కోసుకుపోయింది. పట్టాలూ, వాటి కింది దుంగలూ తాడు నిచ్చెనలా గాలిలో వేలాడుతున్నాయి. తెల్లవారాక అవతలి నుంచి నడుస్తూ వచ్చిన మా గ్యాంగు పెద్ద, మేట్, అది చూసి, ఇవతలున్న చౌకీదారుకు కేకవేసి, తాను తన వైపు స్టేషనుకు పరుగెత్తాడట. చౌకీదారు మా బండికి ఎదురు పరుగెత్తాడు. ఎవరి దిక్కు వాళ్ళు పంచుకున్నారు. మేట్ ఇంటికి వెళ్ళాడు.

జనం బండి దిగారు. వేలాడే పట్టాలను చూశారు. ముందు ఏడుపులు, తర్వాత మొక్కులు. ఎవరో కొబ్బరికాయ కొట్టారు. ఆడవాళ్ళు పసుపు తీసి నీళ్ళలో చల్లారు. చిల్లర నాణేలు వాగులో పడుతున్నాయి. తమను మింగబోయిన వాగుకు మొక్కుతున్నారు. గట్టు మీద ఒక మనిషి పడి ఉన్నాడు, అతని మీద వాన కురుస్తోంది.

"గంగమ్మ తల్లి మనల బతికిచ్చింది" అని ఒక ముసలాయన చేతులెత్తాడు.

నేను అరిచాను. "గంగమ్మ కాదు! చంపబోయింది గంగమ్మ! బతికించింది అదిగో, అతను! అటు చూడండి!"

ముసలాయన చూశాడు. కళ్ళు తుడుచుకున్నాడు. "గాయన రూపంల గంగమ్మనే వొచ్చింది బిడ్డా" అన్నాడు ఎంతో దయగా.

ఆ దయను నేను కొట్టలేకపోయాను. గార్డు తన నల్లకోటు విప్పి తెచ్చి చౌకీదారు మీద కప్పాడు. ఆ రోజు ఆ వాగు ఒడ్డున జరిగిన మనిషి పని అదొక్కటే.

శవాన్ని పోలీసులే తీసుకుపోయారు. ఊళ్ళో కబురు మారిపోయింది. వంతెన దగ్గర బండి మీద పడబోయిన దోపిడీదొంగ ఒకడు చచ్చాడన్నారు. మూడోనాడు నేను గుడిసెకు వెళ్తే ఆమె వాకిట్లో కూర్చుని ఉంది. ఏడవడం అయిపోయిన ముఖం.

"నాకేమొద్దు పంతులూ" అంది. "డ్యూటి మీద సచ్చిండని సర్కారోల్లతోని ఒక్క మాట అనిపియ్యి. మా వాడకు పోతే డకాయిటు పెండ్లాం వొచ్చిందంటున్రు. మా అన్న గూడ తలుపు కాడ నిలవెట్టి మాట్లాడిండు. నీకు మాటలొస్తయి గద. ఒక్క మాట."

అనిపిస్తానన్నాను. అంత సులువైన వాదం నా జన్మలో రాలేదనుకున్నాను.

విచారణ సుబేదారి కచేరీలో జరిగింది. వెళ్ళే ముందు మా ఇన్‌స్పెక్టర్ సాహెబు నన్ను పక్కకు పిలిచాడు. చెడ్డవాడు కాదు, పిల్లలు గలవాడు. "చూడు భాయ్, నువ్వు మంచిగ మాట్లాడ్తవ్. గదే నా పరేశాన్. అడిగినదానికి జవాబు చెప్పు, అడగనిదానికి చెప్పకు."

పెద్ద అధికారి ఒకడు రైల్వే తరఫున, ఇంకొకడు పోలీసుల తరఫున కూర్చున్నారు. నేను నిలబడి చెప్పాను. అతను తిరుగుబాటుదారు అయితే బండిని ఆపవలసిన పనే లేదు. గుడిసెలో కాళ్ళు చాపుకుని పడుకుంటే చాలు, పోలీసులతో సహా బండి మొత్తం వాగులో పడేది. చంపదలచినవాడు పరుగెత్తుకొచ్చి ప్రమాదం చెబుతాడా? పేలినవి రైల్వే పటాకాలు. ఖాళీ రేకులు పట్టా పక్కన దొరికాయి, అవిగో మీ బల్ల మీద ఉన్నాయి. డ్రైవర్‌కు ఆ సంకేతం అర్థమైంది, గార్డుకు అర్థమైంది. అర్థం కానిది ఒక్క తుపాకికే.

వాళ్ళకు అర్థమైంది. నేను ప్రమాణం చేసి చెప్పగలను, నా మాటలో ప్రతి మెట్టూ వాళ్ళకు అర్థమైంది. చదువుకునే గదిలో ఎన్నో వాదాల్లో ఎదుటివాడి ముఖం పాలిపోయే ఆ క్షణాన్ని నేను చూశాను. ఇక్కడా చూశాను. ఎవరూ కాదనలేదు.

"మీ తర్కం బహుత్ ఖూబ్" అన్నాడు పోలీసుల తరఫు అధికారి, నిజమైన మెప్పుతో. తర్వాత మా అధికారి వైపు తిరిగాడు. "జెండా మీద రైల్వే ముద్ర ఉందా?"

"లేదు" అన్నాడు మా అధికారి.

"రైల్వే ఇచ్చిన జెండా కాదు కదా?"

"కాదు."

"ఇవ్వమని అడిగితే ఇవ్వలేదు! ఎర్రగుడ్డ ఇస్తే మీవాళ్ళే పట్టుకుంటారని భయపడి ఇవ్వలేదు!" అన్నాను నేను.

ఇన్‌స్పెక్టర్ సాహెబు నా మోచెయ్యి పట్టుకున్నాడు. నన్ను ఎవరూ కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. అనుమతి లేని ఎర్రజెండాను చూపించడం వల్ల పొరపాటు జరిగిందని తేల్చారు. అంటే తప్పు జెండాది. జెండా తప్పంటే దాన్ని పట్టినవాడిది. కాల్చినవాళ్ళు పొరపడ్డారు, చచ్చినవాడు నేరం చేశాడు. డ్యూటీ అనే మాట ఎక్కడా లేదు.

తర్కం ఓడిపోతే నాకు బాధ ఉండేది కాదు. ఇంకొంచెం చదివి, ఇంకొంచెం పదును పెట్టుకుని మళ్ళీ వచ్చేవాణ్ణి. తర్కం గెలిచింది. గెలిచి, తలుపు దగ్గర నిలబడి, ఎవరూ కూర్చోమనకపోతే ఇంటికి వచ్చేసింది.

ఆ వారంలోనే చదువుకునే గది స్నేహితుడొకడు చాటుగా కలిశాడు. వాదాల్లో ఎప్పుడూ నా పక్షాన నిలబడ్డవాడు. అప్పటికి సంఘంలో చేరి తలదాచుకుని తిరుగుతున్నాడు. వాడి ధైర్యం మీద నాకు గౌరవం. వాడు చౌకీదారు పేరు, ఊరు అడిగాడు.

"ఎందుకు?"

"అమరుల పేర్లలో చేరుస్తాం. ఎర్రజెండా పట్టుకుని నేలకొరిగాడు. ఆయన భార్య ఒక్క మాట చెబితే చాలు, మావాడేనని."

"అతను మీవాడు కాదు. అది రైలు జెండా."

"చరిత్ర అంత సన్నగా చూడదురా. ఎర్రజెండా ఎర్రజెండానే."

పోలీసు ఆఫీసరు కూడా సరిగ్గా అదే అన్నాడని చెప్పాను. స్నేహితుడికి కోపం వచ్చింది. అయినా ఆమె దగ్గరికి మనిషిని పంపాడట. ఆమె గుమ్మంలోంచే చెప్పిందట: "మా ఆయన రైలోడు. మీకియ్య, ఆల్లకియ్య." ఆ మాట వల్ల ఆమెకు రెండు దిక్కులా ఎవరూ లేకుండా పోయారు.

పల్లెటూరివాడు వాగులో గంగమ్మను చూశాడు. పోలీసువాడు గుడ్డలో తిరుగుబాటును చూశాడు. నా స్నేహితుడు శవంలో చరిత్రను చూశాడు. వానలో తడుస్తూ ఆగండయ్యా, దారి చెడింది అని చెబుతున్న మనిషిని మనిషిగా చూసినవాడు ఒక్క డ్రైవర్. అతణ్ణి విచారణకు పిలవలేదు.

గట్టు మళ్ళీ పోశారు. బండ్లు నడిచాయి. కొత్త చౌకీదారును వేశారు. అతనితోపాటు ఒక కొత్త హుకుం వచ్చింది: ఇక మీదట ఈ దారిలో పగటిపూట ఎర్రజెండా చూపగూడదు. బండిని ఆపవలసి వస్తే రెండు చేతులూ తలపైకి ఎత్తి నిలబడాలి. పోలీసులకు అనుమానం రాకుండా ఇది బాగుంటుందని ఇన్‌స్పెక్టర్ సాహెబు వివరించాడు. లొంగిపోయేవాడు కూడా అలాగే నిలబడతాడని ఆయనకు తెలుసు. నాకూ తెలుసు. ఆ సంగతి మేము మాట్లాడుకోలేదు.

నిజానికి అది కొత్తదేం కాదు. జెండా లేని చోట రెండు చేతులెత్తితే డ్రైవర్ ఆపాలని మా నిబంధనల్లో మొదటినుంచీ ఉంది.

కొత్త చౌకీదారుకు నేర్పడానికి నేను ట్రాలీ మీద వెళ్ళాను. ఆమె గుడిసె ఖాళీ చేస్తోంది. గిన్నెలు, చాప, ఒక మూట. మేము పట్టాల పక్కన నిలబడ్డాం. కొత్తవాడు రెండు చేతులూ పైకెత్తాడు.

"గిట్లనా పంతులూ?"

"ఇంకొంచెం పైకి. వేళ్ళు విప్పు. బండి ఆగేవరకు దించొద్దు."

మూట కడుతున్న చేతులు ఆగాయి. ఆమె లేచి దగ్గరికి వచ్చింది. అతని చేతులవైపు చాలాసేపు చూసింది.

"గిట్ల జూపినా బండి ఆగుతదా?"

"ఆగుతుంది చెల్లె."

"జెండ లేకున్నా?"

"లేకున్నా."

ఆమె నా ముఖంలోకి చూసింది. ఆ జెండాకు రంగు అద్దింది ఆమె. అది పాడైపోయిన పాతదే అయి ఉంటే, లేక అసలేదీ లేకపోతే, అతను ఆ పొద్దున ఒట్టి చేతులెత్తి నిలబడేవాడు. ఆ దారి వెంట ఆమె మనసు మెట్టు మెట్టుగా నడుస్తుంటే నాకు కనిపిస్తోంది. అందులో ఏ మెట్టు దగ్గరా తప్పు లేదు. పటాకాలు పేలాక చేతులెత్తినా కాల్చేవాళ్ళేనని నేను చెప్పవచ్చు. కానీ అది నాకు తెలియదు. ఎవరికీ తెలియదు.

"గీ రూలు మొదటి సంది ఉన్నదా పంతులూ?"

అబద్ధంతో ఊరడించేవాళ్ళను నేను జీవితమంతా తిట్టాను. పురోహితులను తిట్టాను, సోదెకత్తెలను తిట్టాను. చచ్చినవాడు స్వర్గంలో సుఖంగా ఉన్నాడని చెప్పే ప్రతి నోటినీ తిట్టాను.

"లేదు చెల్లె" అన్నాను. "ఇప్పుడే వచ్చింది. మీ ఆయన పోయినంక, అట్లాంటి పొరపాటు ఇంకొకరికి జరగొద్దని పెట్టారు."

ఆమె కొత్తవాడి చేతులవైపు మళ్ళీ చూసింది.

"అంటే ఆయనతోనే వొచ్చిందన్నట్టు."

"అవును."

"సర్కారోల్లే పెట్టిన్రు?"

"సర్కారువాళ్ళే."

ఆమె తల ఊపింది. మూట నెత్తికెత్తుకుంది. నేను సాయం పట్టబోతే వద్దంది. కొత్తవాడు ఇంకా చేతులు దించలేదు. దించమని నేను చెప్పడం మరిచిపోయాను.

తర్వాత నాకు బదిలీ అయింది, పోలీసు చర్య వచ్చింది, సంస్థానం పోయింది, జెండాలన్నీ మారాయి. వరంగల్లు మగ్గాల వాడలో ఆమె అందరికీ గర్వంగా చెప్పుకుందని చాలా ఏళ్ళకు ఆ పాత మేట్ నాతో అన్నాడు: మా ఆయన డ్యూటి మీద సచ్చిండు, ఆయన పేరు మీద రైల్వేల రూలు పెట్టిన్రు. వాడ నమ్మింది. అన్న తలుపు తీశాడు. ఆ సెక్షన్లో గ్యాంగువాళ్ళు కూడా నమ్మారట. వానాకాలం మొదట్లో వంతెన దగ్గర ఒకసారి రెండు చేతులూ ఎత్తి, ఆయనను తలుచుకుని, పనిలోకి దిగుతారట. అలా చేసినవాళ్ళకు వాగు అడ్డం రాదని అంటారట.

మీలో ఎవరైనా ఆ సెక్షన్‌లో పని చేస్తుంటే ఆ ఆచారం చూసే ఉంటారు. అది నా వల్ల పుట్టింది. మూఢనమ్మకాల మీద నేను రాసిన వ్యాసాలన్నీ కట్టగట్టి ఇంట్లో ఉన్నాయి. దాని మీద మాత్రం రాయలేకపోయాను. ఆమెకు సర్కారు ఇవ్వని ఒక్క మాటను అది ఇచ్చింది. దాన్ని కొట్టడానికి నా దగ్గరున్నది ఒట్టి నిజమే.